కొరిశపాడు మీదుగా ఎగిరిన విమానాలకు డెకాల్స్ ఎక్కడివి?

2024 మార్చి 18న అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద వాహనాల బదులు విమానాలు దిగాయి. కొరిశపాడు పరిసరాల్లో అత్యవసర ల్యాండింగ్ కోసం సిద్ధం చేసిన ఆ రోడ్డు ముక్క పొడవు 4.1 కిలోమీటర్లు, వెడల్పు 33 మీటర్లు. వైమానిక దళానికి చెందిన ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దానిమీద వాలి తిరిగి లేచాయి. సుఖోయ్-30లు, హాక్‌లు రోడ్డు దగ్గరదాకా దిగివచ్చి, చక్రాలు ఆనించకుండానే మళ్ళీ పైకి వెళ్ళిపోయాయి. 2022 డిసెంబరు 29న అక్కడే జరిగిన మొదటి పరీక్షకు తేజస్ కూడా వచ్చింది. బాపట్ల పక్కన సూర్యలంకలో క్షిపణి పరీక్షల శబ్దం విని పెరిగిన ప్రాంతమే అయినా, మిర్చి, పొగాకు, పత్తి చేల మీదుగా అంత కిందికి వచ్చిన యుద్ధవిమానాన్ని చూడటం ఇక్కడివాళ్ళకు కొత్త.

అలా చూసిన విమానాన్ని ఇంట్లో బల్లమీద నిలబెట్టాలనుకునేవాళ్ళు కొందరుంటారు. ప్లాస్టిక్ కిట్ కొని, ముక్కలు అతికించి, రంగు వేసి, అసలు విమానానికి 72వ వంతో 48వ వంతో ఉండే నమూనా కడతారు. 21.9 మీటర్ల సుఖోయ్ 1/72 స్కేలులో 30 సెంటీమీటర్లకు వస్తుంది. 13.2 మీటర్ల తేజస్ జానెడు కూడా ఉండదు. రంగు ఆరాక దానిమీద దేశపు గుర్తు, తోక నంబరు, స్క్వాడ్రన్ చిహ్నం, చిన్నచిన్న హెచ్చరిక రాతలు ఎక్కాలి. అవన్నీ అచ్చయి ఉండే పల్చటి పొరే డెకాల్. షీట్‌లోంచి ముక్క కత్తిరించి నీళ్ళలో ముంచితే కాగితం మీది జిగురు కరిగి, బొమ్మ పొరతో సహా జారి విమానం మీదికి వస్తుంది. ప్రతి కిట్‌లోనూ ఒక షీట్ ఉంటుంది. ఏ ఏ విమానాల గుర్తులు అందులో ఉండాలో కిట్ కంపెనీ నిర్ణయిస్తుంది. అందులో లేనివాటికోసం వేరే చిన్న సంస్థలు విడిగా అచ్చువేసి అమ్మే షీట్లను ఆఫ్టర్‌మార్కెట్ డెకాల్స్ అంటారు. ఇంగ్లండులో హానంట్స్ వాళ్ళ ఎక్స్‌ట్రాడెకాల్, రష్యాలో బెగిమోత్, ఉక్రెయిన్‌లో ప్రింట్ స్కేల్, ఫాక్స్‌బాట్, అమెరికాలో కారకల్, ఫర్‌బాల్ లాంటివి ఈ రంగంలో బాగా వినిపించే పేర్లు.

కొరిశపాడు మీదుగా ఎగిరిన విమానాలను ఉన్నవున్నట్టు కట్టడానికి కావలసిన గుర్తులు ఈ సంతలో ఎంతవరకు దొరుకుతాయి, దొరికినవి ఎంత నికార్సైనవి, దొరకనివాటికి దారేమిటి అన్నది ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. కిట్ల కొరత కన్నా, అచ్చు యంత్రాల కొరత కన్నా మనకు పెద్ద లోటు నమోదు. విమానాన్ని దగ్గరగా చూసి, కొలిచి, ఫోటో తీసి, తేదీ వేసి భద్రపరిచినవాళ్ళున్న దేశపు విమానాలకే మంచి డెకాల్స్ వస్తాయి.

దీనికి సాక్ష్యం మన జిల్లాల చరిత్రలోనే ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ జనం ఇచ్చిన యుద్ధనిధికి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో రెండు స్క్వాడ్రన్లకు ఆ ప్రెసిడెన్సీ పేరు పెట్టారు. ఒకటి స్పిట్‌ఫైర్లు నడిపిన 234వ స్క్వాడ్రన్. రెండోది డిఫయంట్ విమానాలు నడిపిన 264వది. అప్పటికి గుంటూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. అది విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది 1970లో, ప్రకాశం పేరు పెట్టుకుంది 1972లో. యుద్ధం అయిపోయాక కూడా ఆ స్క్వాడ్రన్ల పేరు చెరిగిపోలేదు. 264వది మీటియర్ జెట్ నైట్‌ఫైటర్లకు మారింది. 234వది 1950ల్లో జర్మనీలో వాంపైర్లు, సేబర్లు, హంటర్లు నడిపింది. దాని విమానాలకు రౌండెల్ పక్కన తెల్లటి పట్టీలో ఎరుపు, నలుపు వజ్రాకారాలు ఉండేవి. తర్వాతి దశాబ్దాల్లో బ్రాడీ స్థావరంలో శిక్షణ యూనిట్‌గా ఉన్నప్పుడు అదే స్క్వాడ్రన్ హాక్ విమానాలు నడిపింది. కొరిశపాడు రోడ్డు మీదికి దిగివచ్చి లేచిపోయిన శిక్షణ జెట్ ఆ హాక్ కుటుంబానిదే.

బ్రిటిష్ హాక్‌కూ, మన హాక్‌కూ డెకాల్స్ వెతకడం మొదలుపెట్టినవాళ్ళకు తేడా ఇట్టే తెలిసిపోతుంది. బ్రిటిష్ హంటర్లు, హాక్‌ల షీట్లలో ఆ ఎరుపు, నలుపు వజ్రాలు కనబడుతూనే ఉంటాయి. ఏ సంవత్సరంలో ఏ నంబరు విమానం మీద వజ్రాలు ఏ కొలతలో ఉన్నాయో అక్కడివాళ్ళు చెప్పగలరు. నిజాం విషయమూ అంతే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన డబ్బుతో కొన్న డీహెచ్-9ఏ బాంబర్లు 110వ స్క్వాడ్రన్‌కు వెళ్ళాయి. దాంతో ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు వచ్చింది. వాటిలో ఎఫ్1010 నంబరు విమానం ఇప్పటికీ లండన్ హెండన్ మ్యూజియంలో ఉంది. దాని పక్కన నిజాం బహూకరించారన్న రాతా, ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’ అన్న రాతా ఉన్నాయి. అదే పేరున్న 152వ స్క్వాడ్రన్ అధికారిక చిహ్నంలో నిజాం తలపాగాయే ఉంది. 1918 నాటి ఒక విమానం పక్కన మన ఊరి పేరు ఏ అక్షరాల్లో రాశారో నూరేళ్ళు దాటాక కూడా కొలుచుకోవచ్చు. 2022లో మన చేల మీదుగా వెళ్ళిన తేజస్ తోక మీద ఏమున్నదో చెప్పమంటే మాత్రం టీవీలో వచ్చిన మసక దృశ్యాలు వెతుక్కోవాలి. ఇందులో బ్రిటన్‌ను మెచ్చుకోవలసింది ఒక్కటే. మ్యూజియాలు, పత్రికలు, ఎయిర్‌షోలకు కెమెరాతో వెళ్ళే మామూలు జనం, అందరూ కలిసి చిత్తుకాగితం కూడా పారేయకుండా దాచిపెట్టారు.

ఇక భారత వైమానిక దళం గుర్తుల సంగతి. మన రౌండెల్ చూడటానికి చాలా సులువు. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. తోక మీద అవే మూడు రంగుల నిలువు పట్టీలు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎర్రటి చుక్క చూసి జపాను విమానమని పొరబడకుండా ఇక్కడి రౌండెల్‌లోంచి ఎరుపు తీసేసి నీలం రంగులే ఉంచారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో కొంతకాలం అశోకచక్రం ఉండేది. ఇప్పుడున్న మూడు రంగుల వలయం ఆ తర్వాతది. సులువుగా కనిపించే ఈ వలయమే అచ్చులో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మూడు రంగులను మూడుసార్లు అచ్చువేయాలి. ఏ ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగినా తెల్లటి వలయం ఒకవైపు సన్నగా, ఇంకోవైపు లావుగా వస్తుంది. నాలుగైదు మిల్లీమీటర్ల రౌండెల్‌లో ఆ తేడా దూరం నుంచే తెలుస్తుంది. అందుకే జాగ్రత్త గల సంస్థలు మధ్య చుక్కను విడిగా ఇస్తాయి. కొనుక్కున్నవాళ్ళే దాన్ని నడిమధ్యలో పెట్టుకోవచ్చు.

రంగు ఇంకో సమస్య. కాషాయం కింద తెల్లటి సిరా పడకపోతే, బూడిద రంగు విమానం మీదికి ఎక్కించగానే అది ఇటుక రంగుకు దిగుతుంది. కొన్ని షీట్లలో అది నారింజపండు రంగుగా, కొన్నిట్లో దాదాపు ఎరుపుగా వస్తుంది. జెండా గుడ్డ రంగు ప్రమాణాన్ని చూసి అచ్చువేసినా పూర్తిగా సరిపోదు. ఎండకు, వానకు వెలిసిన విమానం పెయింటు అది కాదు కదా. నా మటుకు నేను కొత్త జెండా రంగు కన్నా ఒక పాలు తగ్గిన కాషాయాన్నే ఇష్టపడతాను. చిన్న వస్తువు మీద రంగు గాఢత అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి.

తోక నంబర్లు మాత్రం అచ్చంగా చరిత్ర పుస్తకాలు. మన యుద్ధవిమానాల నంబరు ముందు ఉండే అక్షరాలు రకాన్ని చెబుతాయి. సుఖోయ్‌కు ఎస్‌బీ, మిరాజ్‌కు కేఎఫ్, మిగ్-29కి కేబీ, జాగ్వార్‌కు జేఎస్, వైమానిక దళంలో చేరిన తేజస్‌కు ఎల్ఏ. కొన్ని అక్షరాల్లో మనుషులు కూడా ఉన్నారు. రెండు సీట్ల రఫేల్ మీద ఉండే ఆర్‌బీ ఎయిర్ చీఫ్ మార్షల్ ఆర్.కె.ఎస్. భదౌరియా పేరులోది. ఒక సీటు రఫేల్ మీది బీఎస్ ఆయనకు ముందు దళాధిపతిగా ఉన్న బి.ఎస్. ధనోవా పేరులోది. అంతకన్నా ముందే, 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన తేజస్ ప్రయోగ విమానం మీద కేహెచ్2001 అని ఉంది. తేలికపాటి యుద్ధవిమాన కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ తెలుగువారు. బరంపురంలో పుట్టి, తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా చేశారు. ఆ కే, హెచ్‌లు ఆయన పేరులోవేనని చెబుతారు. దీని ముందు నాకు మిగతా నంబర్లన్నీ చిన్నవిగా అనిపిస్తాయి. ఒక తెలుగు ఇంజనీరు పొడి అక్షరాలు జెట్ యుద్ధవిమానం తోక మీద ఉన్నాయంటే, తేజస్ కట్టే ప్రతి తెలుగు కుర్రాడికీ తొలి షీట్ అదే కావాలి.

పాత విమానాల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. మిగ్-21 ప్రపంచమంతా తిరిగిన విమానం కనుక భారత నంబర్లు కూడా అక్కడక్కడా షీట్లలోకి వచ్చాయి. 1963లో మన దళంలో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న ఈ విమానానికి ఆరు దశాబ్దాల జీవితం. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నరు భవనం మీద రాకెట్లు పేల్చింది 28వ స్క్వాడ్రన్ మిగ్-21లే. 2019 ఫిబ్రవరి 27న పైలట్ అభినందన్ నడిపిన మిగ్-21 బైసన్ నంబరు సీయూ2328. ఈ రెండు తేదీల విమానాలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. అయితే 1971 నాటి మిగ్‌లు కట్టేటప్పుడు జాగ్రత్త అవసరం. తళతళలాడే లోహపు రంగు విమానాలకు యుద్ధం ముంగిట స్థావరాల్లోనే హడావిడిగా రంగు పులిమారు. ఒకదాని మీది మచ్చలు ఇంకోదాని మీద ఉండవు. ఇలాంటి చోట నేను డెకాల్ కవరు మీది బొమ్మను నమ్మను. పి.వి.ఎస్. జగన్ మోహన్, సమీర్ చోప్రా కలిసి రాసిన 1965 యుద్ధ చరిత్ర 2005లో వచ్చింది. 1971 తూర్పు రంగం మీద వాళ్ళే రాసిన ‘ఈగల్స్ ఓవర్ బంగ్లాదేశ్’ 2013లో వచ్చింది. మోడళ్ళ కోసం రాసినవి కాకపోయినా, ఏ స్క్వాడ్రన్ ఏ రోజు ఎక్కడ ఉందో వాటి నుంచి సరిచూసుకోవచ్చు.

జాగ్వార్‌కు కూడా మనతో ఒక సంబంధం ఉంది. 1979లో తొలి జాగ్వార్‌లు అంబాలాకు వచ్చినప్పుడు వైమానిక దళాధిపతి హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్. మొదట వచ్చినవి బ్రిటిష్ దళం ఎరువిచ్చినవి. వాటి మీద బ్రిటిష్ బూడిద-ఆకుపచ్చ మచ్చల రంగు, దానిమీద మన రౌండెల్. బ్రిటిష్ జాగ్వార్ కిట్‌ను రంగు మార్చకుండా భారత విమానంగా కట్టగలిగే అరుదైన అవకాశం అది.

సుఖోయ్ దగ్గరికి వచ్చేసరికి చిక్కంతా చిన్న రాతల్లో ఉంది. రష్యా దళం వాడే సుఖోయ్-30ఎస్ఎం మన ఎంకేఐ నుంచి పుట్టినదే కాబట్టి, జ్వెజ్దా కంపెనీ చేసే ఎస్ఎం కిట్‌తో మన విమానం కట్టవచ్చు. ముక్కు పక్కన చిన్న రెక్కలు, తిరిగే ఇంజను నాళాలు రెండింటికీ ఒకటే. కానీ కిట్‌లో వచ్చే స్టెన్సిల్ రాతలు, అంటే ‘ఇక్కడ అడుగు వేయరాదు’, ‘ఇంధనం ఇక్కడ’ లాంటివి రష్యన్ లిపిలో ఉంటాయి. మన విమానాల మీద అవి ఇంగ్లీషులో ఉంటాయి. అంగుళం ఎత్తున్న అక్షరం 1/72లో మూడోవంతు మిల్లీమీటరు అవుతుంది. అది ఎవరూ చదవలేరు గనుక రష్యన్ రాతలే అంటించేయవచ్చునని కొందరంటారు. నేను ఒప్పుకోను. 1/48 స్కేలులో రష్యన్ అక్షరాలు కంటికి స్పష్టంగా తెలుస్తాయి. అయినా, ఎవరూ చూడరు కదా అని తప్పు అంటించడం మొదలుపెడితే రౌండెల్ దాకా అదే వాదన వర్తిస్తుంది. రవాణా విమానాల మీద హిందీలో ‘భారతీయ వాయుసేన’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. దేవనాగరి చదవలేని డిజైనరుకు ఆ ఒత్తులు, పైగీత ఎక్కడ తెగాలో తెలియదు. కొనేముందు ఒకసారి అక్షరమక్షరం చదువుకోవడం మంచిది.

అచ్చు పద్ధతులు రెండు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ప్రతి రంగుకూ ఒక తెర, చిక్కటి సిరా. రంగు నిండుగా, అంచు కోసినట్టుగా వస్తుంది. ఇటలీ కార్టోగ్రాఫ్ సంస్థకు ఇందులో పెద్ద పేరు. అయితే వందల షీట్లు వేస్తేనే ఖర్చు గిట్టుబాటవుతుంది. అందువల్ల నలుగురు మాత్రమే అడిగే స్క్వాడ్రన్‌ను ఎవరూ వేయరు. డిజిటల్ అచ్చులో పది షీట్లు కూడా వేసుకోవచ్చు. కానీ నాలుగు సిరాల చుక్కలు కలిసి కాషాయం కావాలి కనుక భూతద్దంలో చుక్కలు కనిపిస్తాయి. మామూలు ఇంక్‌జెట్‌కు తెల్ల సిరాయే లేదు. తెలుపు అచ్చువేయగల ఆల్ప్స్ ప్రింటర్లు ఒకప్పుడు ఈ అభిరుచి గలవాళ్ళకు ప్రాణం. వాటి తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు తెల్ల టోనరు ఉన్న లేజర్ యంత్రాలే ఆధారం. పొర మందం కూడా చూడాలి. పాతిక మైక్రాన్ల పొరను 72 రెట్లు పెంచి ఊహిస్తే దాదాపు రెండు మిల్లీమీటర్ల రేకు విమానానికి అతికించినట్టు అవుతుంది.

ఇంతా చేసి మంచి షీట్ సంపాదించినా, దాన్ని మన వాతావరణంలో అంటించడం వేరే విద్య. చలిదేశాల కోసం రాసిన సూచనలు గుంటూరు మే నెలకు పనికిరావు. డెకాల్‌ను మెత్తబరిచి ప్యానెల్ గీతల్లోకి దింపే మైక్రో సోల్ లాంటి ద్రావణం ఆ వేడికి పని పూర్తికాకముందే ఆరిపోతుంది. అందుకని తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపేసి అంటించాలి. ద్రావణం ఒకేసారి కాక రెండు మూడు పల్చటి విడతలుగా వేయాలి. డెకాల్ కింద గాలి చిక్కితే వెండిపొరలా మెరుస్తుంది. రంగు మీద ముందుగా నున్నటి గ్లాస్ కోటు వేస్తే ఆ బెడద తగ్గుతుంది. అయితే ఎండ వేళ స్ప్రే చేసిన కోటు గాల్లోనే ఆరి పొడిగా పడుతుంది. వానాకాలపు తేమలో లక్క వార్నిష్ పాలిపోయి తెల్లగా మారుతుంది. కోటు వేయడానికి మాకు అనువైన కాలం దీపావళి నుంచి శివరాత్రి దాకా.

నీళ్ళ మాట విడిగా చెప్పాలి. ప్రకాశం మెట్ట ప్రాంతంలో, పల్నాడులో బోరునీళ్ళు లవణాలతో ఉంటాయి. కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు. ఆ నీళ్ళలో నానబెట్టిన డెకాల్ ఆరాక అంచుల వెంట తెల్లటి చారలు కడుతుంది. వార్నిష్ కింద చిక్కుకుంటే ఇక పోవు. ప్లాంటు నీళ్ళు కొంత నయం. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొనుక్కుంటే ఏడాది సరిపోతుంది. మన ఎండతో ఒక ఉపకారం కూడా ఉంది. పాతబడి పసుపెక్కిన షీట్‌ను కవరులో పెట్టి కిటికీ అద్దానికి లోపలివైపు అంటిస్తే కొద్దిరోజుల్లో పసుపు విరుగుతుంది. ఇక్కడ ఎండ తీవ్రత ఎక్కువ కనుక రోజూ సాయంత్రం తీసి చూసుకోవాలి. పెళుసెక్కిన షీట్ మీద మైక్రోస్కేల్ వాళ్ళ ద్రవపు పొర ఒక కోటు వేయకుండా నీళ్ళలో పెడితే ముక్కలవుతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా దిగుమతి షీట్ల గురించి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా, ఉక్రెయిన్ సంస్థల సరుకు తెప్పించడం అంతకుముందులా లేదు. మిగ్, సుఖోయ్ షీట్లకు ప్రపంచానికి పెద్ద దిక్కు ఆ రెండు దేశాలే. కాబట్టి ఇక్కడ చేసుకోగలిగింది ఏమిటన్న ప్రశ్న ఇంక వాయిదా వేయడానికి లేదు. గుంటూరు, విజయవాడ, ఒంగోలు ప్రింటర్లకు స్క్రీన్ ప్రింటింగ్ కొత్త కాదు. శుభలేఖల మీద బంగారు సిరాను, సంచుల మీద మూడు నాలుగు రంగులను తెర మీద నుంచి దించే చేతులు ఇక్కడ ఉన్నాయి. వాళ్ళకు కావలసింది డెకాల్ కాగితం, పల్చటి లక్కపొర వేయడంలో కొంత అభ్యాసం, తప్పులేని డ్రాయింగ్. బైకులకు రేడియం స్టిక్కర్లు కోసే షాపుల్లో కంప్యూటర్ కట్టర్లు ఉన్నాయి. వాటితో పెద్ద రౌండెళ్ళకు స్టెన్సిల్ మాస్కులు కోయించుకుని నేరుగా రంగు స్ప్రే చేస్తే డెకాల్ పొర మందం అన్న సమస్యే ఉండదు. మాస్కు జిగురు మరీ గట్టిదైతే తీసేటప్పుడు కింది రంగు ఊడివస్తుంది కనుక ముందు చేతికో గుడ్డకో రెండుసార్లు అంటించి జిగురు తగ్గించాలి. మూడు మిల్లీమీటర్ల కన్నా చిన్న అక్షరాలు కట్టరు బ్లేడుకు లొంగవు. పెద్ద గుర్తులు మాస్కుతో, నంబర్లు, రాతలు డెకాల్‌తో అన్న మిశ్రమ పద్ధతే మన ప్రాంతానికి నేను సూచించేది.

తప్పులేని డ్రాయింగ్ అన్న దగ్గరే మళ్ళీ ఆగిపోతాం. స్థావరాల్లో ఫోటోలు తీయడానికి వీల్లేదు, అది న్యాయమే. బెంగళూరు యలహంకలో రెండేళ్ళకోసారి జరిగే ఏరో ఇండియాలో, దళం జనానికి చూపించే ప్రదర్శనల్లో మాత్రం అవకాశం ఉంటుంది. వైజాగ్ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి టీయూ-142 మ్యూజియం ఉంది. అది యుద్ధవిమానం కాకపోయినా, నిజమైన నౌకాదళ విమానం మీది రాతలను కొలత టేపు పట్టుకుని దగ్గరగా చూడగల చోటు. అక్కడికి వెళ్ళే విద్యార్థులు సెల్ఫీతో పాటు రాతల పక్కన స్కేలు పెట్టి ఒక్క ఫోటో తీసుకుంటే, డ్రాయింగ్ గీసేవాళ్ళకు అది పుస్తకాల కన్నా ఎక్కువ.

కొరిశపాడు పేరుతో తొలి షీట్ ఎవరైనా వేస్తే అది ఇలా ఉండాలని నా కోరిక. స్కేలు 1/72, ఎందుకంటే రోడ్డు ముక్కను కూడా పక్కన పెట్టుకోవచ్చు. 33 మీటర్ల వెడల్పు 46 సెంటీమీటర్లకు వస్తుంది. సుఖోయ్, తేజస్, హాక్, ఏఎన్-32, డోర్నియర్, అయిదింటికీ గుర్తులు. కాషాయం కింద తప్పనిసరిగా తెల్ల సిరా, మధ్య చుక్కలు విడిగా. స్టెన్సిళ్ళు ఇంగ్లీషులో, హిందీ రాతలు హిందీ చదివినవాళ్ళు సరిచూసినవి. ఒక మూల, ఆ రోడ్డు పరీక్షలతో సంబంధం లేకపోయినా, తెల్ల పట్టీలో ఎరుపు, నలుపు వజ్రాలతో 234వ స్క్వాడ్రన్ హాక్. నంబర్లకు మాత్రం 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న ఆ రోడ్డు పక్కన నిలబడినవాళ్ళ ఫోన్లలో ఉన్న ఫోటోలు కావాలి. ఫోన్లు మారిపోకముందే వాటిని అడిగి తీసుకుని, తేదీ రాసి, ఒకచోట చేర్చే పని మొదలుపెట్టాలి.